ఊడిన పన్ను.. అందని వేరు

తీర మండలాలకు చేరువైన దంత ఇంప్లాంట్లు
వైద్యం గట్టిదే.. ఖర్చే భారం
నడిమి మార్గంపై సర్కారు దృష్టి సారించాలి

నెల్లూరు: పన్ను పీకించుకోవడం పూట పని. దాని స్థానంలో మరో పన్ను పెట్టించుకోవడం నెలల పని, వేల రూపాయల ఖర్చు. కావలి నుంచి కృష్ణపట్నం వరకు వేటను, వరిని, రొయ్యల చెరువులను నమ్ముకుని బతికే తీర గ్రామాల్లో నడివయసు దాటిన వారికి ఈ తేడా అనుభవంలో ఉన్నదే. ఒకప్పుడు మద్రాసు వెళితే తప్ప వినపడని ‘ఇంప్లాంట్’ అన్న మాట నేడు నెల్లూరు, కావలి పట్టణాల్లో దంత వైద్యశాలల బోర్డులకెక్కింది. దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, దానిపై కృత్రిమ దంతాన్ని నిలిపే ఈ విధానం వైద్యపరంగా రుజువైనదే. అయితే అది ఎవరికి తగినది, ఎవరికి తగనిది, అంత సొమ్ము వెచ్చించలేని వారికి ఏది దారి అన్న ప్రశ్నలకు బోర్డులు సమాధానం చెప్పవు. ఖరీదైన ఇంప్లాంటుకూ, బోసి నోటికీ నడుమ ఉండాల్సిన మెట్లు పేదలకు అందకపోవడమే అసలు సమస్య.

వయసు కాదు.. వ్యాధే కారణం

వయసు మీరితే పళ్లు ఊడటం సహజమన్న నమ్మకం గ్రామాల్లో బలంగా ఉంది. ఇది సరికాదు. పళ్లను ఊడగొట్టేది వయసు కాదు. ఏళ్ల తరబడి చికిత్స లేకుండా మిగిలిపోయిన పుచ్చు, చిగుళ్ల వ్యాధి. భారత దంత వైద్య మండలి 2002-03లో నిర్వహించిన జాతీయ సర్వేలో 65 నుంచి 74 ఏళ్ల వయసు వారిలో నూటికి సుమారు 85 మందికి పుచ్చు సమస్య ఉన్నట్లు తేలింది. ప్రపంచవ్యాప్తంగా 60 ఏళ్లు దాటిన వారిలో నూటికి 23 మందికి ఒక్క పన్నూ మిగల్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి నివేదికలో అంచనా వేసింది. పొగాకు నమలడం, చుట్టలు, బీడీలు కాల్చడం, అదుపు తప్పిన మధుమేహం చిగుళ్లను మరింత వేగంగా దెబ్బతీస్తాయి.

దంతాల విషయంలో నెల్లూరు జిల్లాకు ప్రత్యేక చరిత్రే ఉంది. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతింటున్నాయని మన దేశంలో తొలిసారిగా వైద్య పత్రికలకు ఎక్కింది ఇక్కడి గ్రామాల ఉదంతమే. 1937లో షార్ట్ తదితర పరిశోధకులు ఆ వివరాలను ప్రచురించారు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో కలిశాయి. ఉదయగిరి వైపు మెట్ట గ్రామాలను ఫ్లోరైడ్ బెడద ఆ తర్వాతా వీడలేదు. తీరంలో పళ్లు పోవడానికి మాత్రం అన్నిచోట్లా ఉన్న కారణాలే ప్రధానం. నొప్పి భరించలేనిదయ్యేదాకా వైద్యుడి వద్దకు వెళ్లకపోవడం, వెళ్లాక పన్ను తీయించుకుని సమస్య తీరిందనుకోవడం వాటిలో ముఖ్యమైనవి.

నిజానికి సమస్య అక్కడే మొదలవుతుంది. పన్ను పోయిన చోట నమిలే ఒత్తిడి లేక దవడ ఎముక క్రమంగా కరిగిపోతుంది. తొలి ఏడాదిలోనే ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చని అధ్యయనాలు చెబుతున్నాయి. ఖాళీ వైపు పక్క పళ్లు ఒరుగుతాయి. ఎదురు పన్ను కిందికో, పైకో జారుతుంది. నమలలేని వారు వేరుశనగలు, పచ్చి కూరలు, మాంసం క్రమంగా మానేస్తారు. తీరంలో చేపల పులుసు, మెత్తని అన్నం ఉన్నాయి కనుక పూట గడుస్తుంది. పూట గడిచినంత మాత్రాన పోషణ అందినట్లు కాదు.

ముందున్నవి మూడు దారులు

పోయిన పన్నుకు ప్రత్యామ్నాయాలు మూడు. మొదటిది తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు. ఖర్చు తక్కువ, శస్త్రచికిత్స అవసరం లేదు. అయితే కింది దవడ సెట్టు కదులుతుంది. ఎముక కరిగేకొద్దీ వదులవుతుంది, కొన్నేళ్లకోసారి మార్చుకోవాల్సి వస్తుంది. రెండోది బ్రిడ్జి. ఖాళీకి ఇరువైపులా ఉన్న పళ్లను అరగదీసి, వాటిపై తొడుగులు వేసి, నడుమ కృత్రిమ దంతాన్ని నిలుపుతారు. పని త్వరగా పూర్తవుతుంది. కానీ బాగున్న పళ్లను అరగదీయక తప్పదు. మూడోది ఇంప్లాంట్. పక్క పళ్ల జోలికి వెళ్లదు, సొంత పన్నులా నమలవచ్చు. శస్త్రచికిత్స, నెలల నిరీక్షణ, అధిక వ్యయం దీనికి తప్పవు.

వీటిలో ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అని ఏకపక్షంగా తేల్చడానికి వీల్లేదు. పక్క పళ్లు చక్కగా ఉండి ఒక్క పన్ను మాత్రమే పోయిన 30 ఏళ్ల యువకుడికి ఇంప్లాంట్ మేలు. పక్క పళ్లకు ఎలాగూ తొడుగులు వేయాల్సి ఉంటే బ్రిడ్జి చాలు. పళ్లన్నీ పోయిన 70 ఏళ్ల వృద్ధురాలికి సరిగా కుదిరిన పళ్ల సెట్టే పెద్ద ఊరట.

కుందేలు ఎముకలో దొరికిన రహస్యం

ఇంప్లాంట్ వెనుక ఉన్న శాస్త్రం యాదృచ్ఛికంగా వెలుగు చూసింది. స్వీడన్ వైద్య శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో రక్త ప్రసరణను పరిశీలించేందుకు టైటానియం పరికరాన్ని అమర్చారు. ప్రయోగం ముగిశాక దాన్ని వెలికి తీయబోగా ఊడిరాలేదు. ఎముక ఆ లోహాన్ని అంటిపెట్టుకుని పెరిగింది. ఈ గుణం ఆధారంగా 1965లో ఆయన తొలి రోగికి దంత ఇంప్లాంట్లు అమర్చారు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సదస్సు తర్వాత ప్రపంచ దంత వైద్య రంగం దీన్ని విస్తృతంగా ఆమోదించింది. సరైన రోగికి సరిగా అమర్చితే పదేళ్ల తర్వాత కూడా నూటికి 90కి పైగా ఇంప్లాంట్లు నిలిచి ఉంటున్నాయని దీర్ఘకాలిక అధ్యయనాలు చెబుతున్నాయి.

‘సరైన రోగి’ అన్న మాటను ఇక్కడ విస్మరించరాదు. నిలవడానికి ఎముకే పునాది. పై దవడ వెనుక భాగంలో సైనస్ గది, కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఉంటాయి. ఎముక ఎత్తు, వెడల్పు కొలవకుండా స్క్రూ బిగిస్తే ఈ రెండింటికీ ప్రమాదమే. అందుకే అవసరమైన చోట దవడను మూడు కోణాల్లో చూపే సీబీసీటీ స్కాన్ తీయిస్తారు. ఎముక చాలకపోతే ముందుగా ఎముక పొడి నింపి, కొన్ని నెలలు ఆగాల్సి ఉంటుంది.

పొగతాగే వారిలో ఇంప్లాంట్ విఫలమయ్యే ముప్పు ఇతరులతో పోలిస్తే దాదాపు రెట్టింపు. మధుమేహం ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కూడదని కాదు, అదుపులో లేకుంటే పుండు మానదు. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇందుకే అడుగుతారు. రక్తం పలుచబడే మందులు, ఎముకలు గుల్లబారకుండా వాడే కొన్ని మందులు తీసుకునే వారు ఆ సంగతి ముందే వైద్యుడికి చెప్పాలి. సంప్రదాయ పద్ధతిలో కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఎముక అతుక్కునేందుకు గడువిస్తారు. ఆ తర్వాతే పైన దంతం కూర్చుతారు.

ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు. అయితే దాని చుట్టూ ఉన్న చిగురు వాచి, ఎముక కరిగి, గట్టిగా ఉన్న స్క్రూ సైతం వదులయ్యే అవకాశం ఉంది. సొంత పన్నును పోగొట్టిన అశ్రద్ధ కొత్త పన్నునూ పోగొడుతుంది. జీవితాంతం శుభ్రత, ఏటా పరీక్ష తప్పనిసరి.

భృతి చాలదు.. పింఛను సరిపోదు

ప్రైవేటు వైద్యశాలల్లో ఒక్కో ఇంప్లాంటుకు, పైన వేసే దంతంతో కలిపి రూ.20 వేల నుంచి రూ.50 వేల వరకు తీసుకోవడం పరిపాటి. కంపెనీ, దంతానికి వాడే పదార్థం, ఎముక నింపే అవసరం బట్టి ఇది మారుతుంది. తీరంలోని ఆదాయాలతో పోల్చితే ఈ మొత్తం ఎంతటిదో తెలుస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో రూ.20 వేలకు పెంచింది. రెండు నెలలు ఇల్లు గడవాల్సిన ఆ సొమ్మంతా వెచ్చించినా దక్కేది ఒక్క పన్ను. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు రూ.4 వేలు. తిండి, మందులు మానేసి ఏడాది పింఛను మొత్తం కూడబెట్టినా రూ.48 వేలు. పళ్లన్నీ పోయిన వారికి అది ఏ మూలకు?

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, పేర్లు మారుతూ నేటికీ పేదలకు అండగా ఉంది. అయితే ఆ పథకం రూపుదిద్దుకున్నది ప్రాణాపాయం తెచ్చే వ్యాధుల, పెద్ద శస్త్రచికిత్సల వ్యయం భరించడానికి. పుచ్చు వల్లనో, చిగుళ్ల వ్యాధి వల్లనో పోయిన పన్నును తిరిగి పెట్టడం దాని ఉద్దేశంలో లేదు.

ధరల నియంత్రణ విషయంలోనూ దంతాలు వెనుకబడ్డాయి. గుండె రక్తనాళాల్లో అమర్చే స్టెంట్లకు కేంద్రం 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర నిర్ణయించింది. మందు పూసిన స్టెంటుకు అప్పట్లో రూ.29,600 పరిమితి విధించారు. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్ల ఇంప్లాంట్ల ధరలకూ కళ్లెం వేశారు. దంత ఇంప్లాంట్లకు అలాంటి పరిమితి విధించలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నింటినీ ఔషధ చట్టం పరిధిలోకి తేవడం వల్ల నాణ్యతపై నిఘాకు వీలు కలిగింది. ధరను మాత్రం వైద్యశాలే నిర్ణయిస్తోంది.

తొందర ప్రకటనలు.. అడగాల్సిన ప్రశ్నలు

‘ఒక్క రోజులో పళ్లు’, ‘మూడు రోజుల్లో నిండైన నవ్వు’ వంటి ప్రకటనలు పత్రికల మధ్య కరపత్రాలుగా వస్తుంటాయి. ఇంప్లాంట్ అమర్చిన రోజే తాత్కాలిక దంతం పెట్టే విధానం వైద్యంలో లేకపోలేదు. అయితే అది గట్టి ఎముక, మొదట్లోనే బిగువుగా కూర్చున్న స్క్రూ, తగిన నైపుణ్యం ఉన్న సందర్భాలకే పరిమితం. అందరికీ ఒకే గడువు చెప్పే ప్రకటనను నమ్మి అప్పు చేయడం తగదు.

కుర్చీలో కూర్చోవడానికి ముందే రోగి కొన్ని ప్రశ్నలు అడగాలి. తన నోటికి మిగతా రెండు మార్గాలు ఎందుకు పనికిరావు? స్క్రూ, పై దంతం, స్కాన్, ఎముక పొడి అన్నీ కలిపి మొత్తం ఎంత? విఫలమైతే తిరిగి అమర్చే బాధ్యత ఎవరిది? ఇంప్లాంట్ పెట్టె మీద కంపెనీ పేరు, బ్యాచ్ సంఖ్య ఉన్న చీటీ ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని భద్రపరచాలి. పదేళ్ల తర్వాత మరో ఊళ్లో మరో వైద్యుడు దానికి తగిన విడిభాగం తెప్పించాలంటే ఆ చీటీయే ఆధారం. సొమ్ముకు రసీదు, అంగీకార పత్రం నకలు తప్పక తీసుకోవాలి. సొమ్ము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు వి.పి.శాంత కేసులో తేల్చి చెప్పింది. నిర్లక్ష్యం జరిగిందని భావిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కాగితం చేతిలో లేని ఫిర్యాదు నిలవడం కష్టం.

అలాగని వైద్యులందరినీ అనుమానించాల్సిన పనిలేదు. పరికరాల పెట్టుబడి, శిక్షణ ఖర్చు, నాణ్యమైన స్క్రూ వెల చిన్నవి కావు. అతి చౌకగా చెప్పిన చోట దేన్ని తగ్గించారో అడగడం కూడా అంతే అవసరం.

పొరుగు రాష్ట్రాలు చూపిన బాట

ప్రభుత్వం అందరికీ ఇంప్లాంట్లు పెట్టించడం సాధ్యం కాకపోవచ్చు. కానీ బోసి నోటితో ఎవరూ మిగలకుండా చూడటం అసాధ్యం కాదు. కర్ణాటక 2014లో ‘దంత భాగ్య’ పేరిట 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు దంత వైద్య కళాశాలల ద్వారా ఉచితంగా పళ్ల సెట్లు అమర్చే పథకాన్ని ప్రారంభించింది. కేరళ సామాజిక న్యాయ శాఖ ‘మందహాసం’ పేరిట పేద వృద్ధులకు కట్టుడు పళ్లకు సాయం అందిస్తోంది. కేంద్రం సైతం 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టింది.

మన రాష్ట్రంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు విజయవాడ, కడపల్లో ఉన్నాయి. కట్టుడు పళ్లకు కొలతలు, అచ్చులు, సరిచూడటం కోసం పలుమార్లు తిరగాలి. మైపాడు నుంచో, రామాయపట్నం నుంచో ఒక వృద్ధుడు అన్నిసార్లు విజయవాడకో, కడపకో వెళ్లడం జరిగే పని కాదు. సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి వెళ్లినా రాకపోకల ఖర్చు, తోడు వచ్చే వారి కూలి నష్టం తప్పవు. నెల్లూరు శివారు చింతారెడ్డిపాలెంలో ప్రైవేటు రంగంలో దంత వైద్య కళాశాల ఉంది. కర్ణాటక తరహాలో ప్రైవేటు కళాశాలలను పథకంలో భాగస్వాములను చేస్తే, ఒక్కో సెట్టుకు ప్రభుత్వం నిర్ణీత మొత్తం చెల్లిస్తే తీర గ్రామాల వారికి దూరాభారం తగ్గుతుంది. అధ్యాపకుల పర్యవేక్షణలో పనిచేసే విద్యార్థులకూ అది శిక్షణే.

పళ్లు తీయడానికి ఒక వైద్యుడు, కుర్చీ, మత్తుమందు చాలు. పెట్టాలంటే ప్రయోగశాల, పళ్ల సెట్టు తయారు చేసే డెంటల్ మెకానిక్ కావాలి. నెల్లూరు సర్వజన ఆసుపత్రిలో అలాంటి ప్రయోగశాల ఒకటి పూర్తిస్థాయిలో నడిపి, కావలి ఏరియా ఆసుపత్రిలో వారానికో రోజు కొలతలు తీసుకునే ఏర్పాటు చేస్తే రోగి కాకుండా అచ్చు ప్రయాణిస్తుంది. వృద్ధుడికి తప్పే తిరుగుడు అదే.

ఇంప్లాంట్లకూ ఇందులో పరిమితమైన చోటు ఉంది. పళ్లన్నీ పోయిన కింది దవడకు రెండే ఇంప్లాంట్లు వేసి, వాటికి పళ్ల సెట్టును బిగించే విధానం కనీస ప్రమాణం కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు సిఫారసు చేశారు. పద్నాలుగు పళ్లకు పద్నాలుగు స్క్రూలు అక్కర్లేదు. కదిలే సెట్టుతో నమలలేకపోతున్న వారిని గుర్తించి ఆ రెండు ఇంప్లాంట్లకు సాయం అందిస్తే తక్కువ వ్యయంతో ఎక్కువ ఫలితం దక్కుతుంది.

ఉన్న పన్నే ఉత్తమం

జపాన్ 1989లో ‘80 ఏళ్లకు 20 పళ్లు’ అన్న నినాదంతో ఉద్యమం చేపట్టింది. 2016 నాటి సర్వేకు ఆ వయసు వారిలో సగానికి పైగా ఆ లక్ష్యాన్ని చేరుకున్నారు. ఆ ఫలితం ఒక్క ఇంప్లాంట్లతో రాలేదు. చిన్ననాటి నుంచే పళ్ల పరీక్షలు, చిగుళ్ల శుభ్రత, సమయానికి పుచ్చు పూడ్చడం వంటి సామాన్యమైన పనులతో వచ్చింది. రోజుకు రెండు పూటలా పళ్లు తోముకోవడం, పొగాకు మానడం, పన్ను జివ్వుమన్నప్పుడే వైద్యుడిని కలవడం ఏ ఇంప్లాంటుకన్నా చౌక.

జిల్లాలో పళ్లు పోయిన వృద్ధులు ఎంతమందో తేలితే గానీ పథకానికి రూపం రాదు. అందుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ప్రతి నెలా పింఛను అందించేందుకు సచివాలయ సిబ్బంది వృద్ధుల గడపకు వెళ్తున్నారు. ఒక్క నెల ఆ సంతకంతో పాటు ‘నమలగలుగుతున్నారా?’ అని అడిగి రాసుకుంటే తీర మండలాల లెక్క తేలిపోతుంది. ఆ లెక్క ముందుంటే ఎన్ని పళ్ల సెట్లు కావాలో, ఎందరికి రెండు ఇంప్లాంట్లు అవసరమో జిల్లా యంత్రాంగం చెప్పగలదు. అది తేల్చనంత కాలం ఇంప్లాంట్ పట్టణ బోర్డుపైనే ఉంటుంది, పల్లెలో వృద్ధుడి కంచంలోకి మెత్తని అన్నమే చేరుతుంది.